గోడ దాటిన మట్టి

టమాటా మొక్క అలిగితే బతిమాలుకోవాలి తప్ప పీకి పారెయ్యకూడదన్నది టైలరమ్మ సిద్ధాంతం. ఈసారి ఆమె చెయ్యని బతిమాలాట లేదు. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తగ్గించింది. తక్కువయ్యాయేమోనని పెంచింది. ఎండ చాలడం లేదేమోనని అంతంత బరువు తొట్లనీ డాబా ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడ్చి, నడుం పట్టుకుని కూలబడింది. అయినా వాటి వరస మారలేదు. పొద్దున్నే నిక్కి నిలబడతాయి, ఎండెక్కేసరికి తలలు వేలాడేస్తాయి, సాయంత్రం మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేచి కూచుంటాయి. బడికెళ్ళే వేళకే కడుపునొప్పి వచ్చే పిల్లల తంతు అది.

"నీ మొక్కలకి నాటకాలు బాగా వంటబట్టాయే," అన్నాడు మొగుడు, టీ గ్లాసుతో పిట్టగోడకి చేరగిలబడి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం అతన్ని వదిలినా వీధి వదల్లేదు, ఇప్పటికీ అందరికీ కండక్టరుగారే. "దిగాల్సినవాళ్ళని దింపేస్తేనే బండి కదిలేది. పీకి పారేసి వేరేవి పెట్టుకో."

అతను చెప్పాడని కాదు గానీ, ఆ పొద్దున ఆమెకే ఓపిక చచ్చిపోయింది. అన్నిట్లోకీ గిడసబారిన మొక్కని మొదలు దగ్గర పట్టుకుని మెల్లిగా పైకి లాగింది. మట్టి దులిపి వేరు చూసింది. చూసి, అలాగే గొంతుక్కూచుని ఉండిపోయింది.

టమాటా వేరంటే సన్నటి పీచులాగ ఉండాలి. ఇది ముడులు ముడులుగా, పూసలు గుచ్చిన దారంలాగ ఉంది. ఒక ముడిని బొటనవేలి గోటితో గీకింది. ఊడి రాలేదు. పైన అంటుకున్న ముడైతే ఊడేది. ఇది వేరు తానే వాచిపోయిన ముడి. పక్క తొట్టిలో మొక్క పీకింది. దానిదీ అదే గతి. ఆ పక్కది కూడా. కంటికి కనబడని నులిపురుగు లోపల దూరి కాపురం పెడితే వేరు అలా వాస్తుంది. ఇంక ఆ మొక్కకి ఎన్ని నీళ్ళు పోసినా పైకి ఎక్కవు.

ఆ మట్టి పక్కింటి నుంచి వచ్చింది.

రెండిళ్ళ డాబాలకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఇటు టైలరమ్మ ఎప్పుడూ టమాటాలూ వంకాయలూ వేస్తుంది. అటు ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ చిక్కుళ్ళు వేస్తుంది. ఒకే మట్టిలో మళ్ళీ మళ్ళీ టమాటాలే వేస్తే మట్టి నీరసపడుతుంది. చిక్కుళ్ళు కాసిన మట్టి బలం పుంజుకుంటుంది. అందుకని కాపు అయిపోగానే ఇద్దరూ తొట్లు బోర్లించి, వేళ్ళు ఏరేసి, గడ్డలు చిదిపి, జల్లించి, పాత పట్టాల మీద ఎండబోసి, బస్తాలకెత్తి గోడ మీంచి మార్చుకుంటారు. ఈవిడ టమాటా మట్టి ఆవిడకి, ఆవిడ చిక్కుడు మట్టి ఈవిడకి. ఇన్నేళ్ళల్లో ఇద్దరూ కొత్త మట్టి కొన్న పాపాన పోలేదు. "మనది కుండమార్పిడి సంబంధం వదినా, పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకుంటున్నాం," అని నర్సమ్మ బస్తా అందిస్తూ నవ్వేది. కట్టుబాటు ఒక్కటే. రోగం మట్టి గోడ దాటకూడదు. మొక్కకి తెగులొస్తే ఆ మట్టిని విడిగా మూటకట్టి, పక్కవాళ్ళకి చెప్పి, చెత్తబండికి వేసెయ్యాలి. ఆ కట్టుబాటు పెట్టింది నర్సమ్మే.

అసలు టైలరమ్మకి ఈ ఊళ్ళో అక్కయినా చెల్లెలైనా ఆ నర్సమ్మే. కిందటేడు బాత్‌రూములో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంటే, డ్యూటీ దిగి వచ్చి రోజూ జడ వేసింది ఆవిడే. కుట్టుకునే చెయ్యి కట్టులో ఉందని ఈవిడ ఏడుస్తుంటే, "ఏడిస్తే ఎముక తొందరగా అతుక్కుంటుందా, చెప్పు, నేను కూడా ఏడుస్తా," అని నవ్వించింది కూడా ఆవిడే. మొగుడితో పొసగని రోజున పోయి కూచోడానికి టైలరమ్మకి ఉన్నది ఆ ఇంటి గడప ఒక్కటే.

కాపు మారినప్పుడు, తొట్లలో పోసుకునే ముందు ఈ మట్టిని తాను మరోసారి జల్లించిన రోజు ఇప్పుడు కళ్ళముందుకొచ్చింది. జల్లెట్లో చిక్కుడు వేళ్ళ ముక్కలు మిగిలాయి. వాటి నిండా బుడిపెలు. చిక్కుడు వేళ్ళకి బుడిపెలుండటం మంచిదే, మట్టికి బలమిచ్చేవి అవే. మంచివైతే గోరు తగలగానే రాలిపోతాయి. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తెలిసీ గీకి చూడలేదు. వదిన ఇచ్చిన మట్టిని గీకి చూడటమేమిటి, పెళ్ళివారు పెట్టిన బంగారమా గీటురాయి మీద గియ్యడానికి! పైగా గోడ మీంచి తొంగిచూసి, "ఏం బుడిపెలు వదినా నీ వేళ్ళకి! ఇది మట్టి కాదు, బంగారం!" అని మురిసిపోయింది. నర్సమ్మ తల తిప్పుకుంది. ఖాళీ తొట్లు తోముకుంటూ ఉండిపోయింది.

"ఏంటి, పాము కనబడ్డట్టు కూచున్నావు?" అన్నాడు కండక్టరు.

ఆమె వేరు ఎత్తి చూపించింది. "నులిపురుగు. వదిన మట్టిలోంచి వచ్చింది."

అతను వంగలేదు, చేతిలోకి తీసుకోలేదు. గ్లాసులో మిగిలిన టీ పారబోశాడు. "మొక్కలన్నాక ఏవో వస్తుంటాయి. దీనికోసం ఆవిడ మీదికి పోట్లాటకి వెళ్ళకు. ఇరుగూపొరుగూ అన్నాక సర్దుకోవాలి." అని చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఎంత మంచి మనసో అనుకుంది ఆమె, పాపం.

*

ఆ రోజు మిషను ముందు కూచుందన్న మాటే గానీ పని సాగలేదు. స్కూలు యూనిఫారం చొక్కాకి కాలరు తిరగేసి కుట్టింది. విప్పి, మళ్ళీ కుట్టబోతే దారం తెగింది. సూదిలోకి ఎక్కించడానికి దారం కొస నాలికతో తడిపి, తడిపి, చివరికి కత్తెర పక్కన పడేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

తెలిసి ఇచ్చిందా, తెలియక ఇచ్చిందా? అదొక్కటే ప్రశ్న. తెలియక ఇచ్చిందంటే పేచీయే లేదు. ఇద్దరూ కలిసి నాలుగు తిట్లు ఆ పురుగుని తిట్టుకుని, మట్టి పారబోసుకుని, టీ తాగొచ్చు. టైలరమ్మ వదిన తరఫున వాదించింది. డ్యూటీలతో సతమతమవుతుంటుంది, వేళ్ళు సరిగ్గా చూసుకుని ఉండదు. చూసినా మంచి బుడిపెలే అనుకుని ఉంటుంది, నేను అనుకోలేదూ?

అలా వాదిస్తూ వాదిస్తూ ఉండగా ఆ తొట్లు గుర్తుకొచ్చాయి. బస్తాలు గోడ దాటించిన రోజు నర్సమ్మ తన తొట్లన్నిటినీ ఆస్పత్రి మందుతో కడిగింది. ఘాటు వాసన ఈ డాబా దాకా కొట్టింది. అంటురోగమున్న రోగిని పంపించేశాక మంచం కడిగినట్టు, లోపలా బయటా, అంచుల కిందా బ్రష్షు పెట్టి తోమి, ఎండలో బోర్లించింది. "ఏంటి వదినా ఈ కొత్త శుభ్రం?" అని అడిగితే, "ఊరికే," అంది. మామూలుగా మాట కలిపితే వదలని మనిషి, ఆ ఒక్క మాటతో ఊరుకుంది.

ఊరికే కాదు. అన్నీ తెలిసే కడుక్కుంది. తన తొట్లు కడిగి శుభ్రం చేసుకుని, రోగాన్ని మాత్రం బస్తాకెత్తి ఈవిడ చేతికిచ్చింది. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. లేచి డాబా మీదికెళ్ళి గోడ అవతలికి చూసింది. నర్సమ్మ చిక్కుడు తీగలు పందిరి కర్రల్ని కమ్మేసి, గుత్తులు గుత్తులుగా పూసి ఉన్నాయి. అవి పెరుగుతున్నది ఎవరి మట్టిలో? తాను వేళ్ళు ఒక్కటొక్కటే ఏరి, పిండి చేసి, ఆకుల ఎరువు కలిపి ఇచ్చిన మట్టిలో! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే, ఇంకోటి కాదు అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, అవి కోపంవే అని తనకి తనే చెప్పుకుని కొంగుతో ఒత్తుకుంది.

*

సాయంత్రం నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి తాళం తియ్యగానే టైలరమ్మ వెనకాలే లోపలికి వెళ్ళింది. చేతిలో ఆ టమాటా వేరు ఉంది.

"ఇదేంటి వదినా?"

నర్సమ్మ బ్యాగు కొక్కేనికి తగిలించింది. చెప్పులు గోడ వారగా సర్దింది. సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుని, టవలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, అప్పుడొచ్చి చూసింది. ఆశ్చర్యపోలేదు. టైలరమ్మకి ఎక్కడో గుచ్చుకున్నది అదే. కాస్త ఆశ్చర్యపోయినా క్షమించేసి ఉండేది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చా." నర్సమ్మ టవలు నాలుగు మడతలు పెట్టింది. "నీది నీకే ఇచ్చా."

"నాదేంటి? నాదెలా అవుతుంది?"

"అంతకుముందు కాపుకి నువ్విచ్చిన మట్టే కదా అది. నా చిక్కుళ్ళు ఆసారి మోకాలెత్తయినా లేవలేదు. 'నా మట్టి నీకు కలిసిరాలేదా ఏంటి వదినా' అని నువ్వే నవ్వావు కూడా. కాపు అయ్యాక పీకి చూస్తే వేళ్ళ నిండా ఇవే. మట్టి అడుగున నీ టమాటా వేళ్ళు కూడా దొరికాయి. ఏరకుండా, జల్లించకుండా, ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. వాటికీ ఇవే ముడులు. బఠాణీ గింజలంత."

"నేను చూళ్ళేదు! నా మీద ఒట్టు, నేను చూళ్ళేదు."

"తొట్లు బోర్లించినవాళ్ళకి కనబడకుండా ఉంటాయా వదినా? గుడ్డివాళ్ళకైనా చేతికి తగులుతాయి."

"సరే, చూశావు. వచ్చి నన్ను అడగొచ్చు కదా! నోరు లేదా?"

"అడుగుదామనే ఆ వేరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చా." నర్సమ్మ మడత పెట్టిన టవలు మళ్ళీ విప్పింది. "వచ్చి మళ్ళీ వెనక్కెళ్ళిపోయా. ఏమని అడగను? నన్ను మోసం చేశావా అనా? అవునంటే నేనేం కావాలి? చూద్దాం, మట్టి మార్చుకునేటప్పుడైనా చెబుతుందిలే అనుకున్నా. నువ్వు చెప్పలేదు. సరే అని నీ బస్తాలు నీకిచ్చేశా. వేళ్ళు చూశాకయినా అడుగుతావనుకున్నా. నువ్వేం చేశావు? గోడ మీంచి చూసి, 'ఏం బుడిపెలు, బంగారం' అని ఎగతాళి చేశావు."

"ఎగతాళా? అది ఎగతాళా? నేను మనస్ఫూర్తిగా అన్నా ఆ మాట!"

"అలా ఎవరంటారు వదినా, ఆ వేళ్ళు చూసి?"

ఆ మాట అన్నది ఎందుకో చెప్పాలంటే టైలరమ్మ, నిన్ను నమ్మి గీకి చూడలేదనాలి. ఆ క్షణంలో ఆ మాట నోట్లోంచి రాలేదు. ఎదటి మనిషి ఇన్నాళ్ళూ తనని దొంగని చూసినట్టు చూస్తూనే పలకరించిందని, కాయలు పంపిందని, చీర అంచు కుట్టించుకుందని తెలిశాక ప్రేమ మాటలెలా వస్తాయి? కోపమే వచ్చింది. కోపానికి దారి బాగా తెలుసు.

"నీ తప్పు కప్పుకోడానికి కథలల్లుతున్నావు. నా మట్టిలో రోగమేంటి? నా టమాటాలు ఆ కాపులో ఎలా కాశాయో నువ్వు తినలేదూ? కడుపులో కత్తులు పెట్టుకునే వేశావన్న మాట నాకు జడలు!"

నర్సమ్మ మొహం తెల్లబోయింది. టైలరమ్మ చేతిలో వేరు ఆ ఇంటి బల్ల మీదే పడేసి బయటికొచ్చేసింది.

*

మాట అనేసి నేరుగా ఇంటికొచ్చేసింది. కండక్టరు ముందు గదిలో పేపరు చదువుతున్నాడు. ఆమె అతని ఎదురుగా నిలబడి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. చెప్తూ చెప్తూ తనే వేడెక్కింది.

"విన్నారా ఆవిడ మాట! రోగం మన మట్టిలోనే ఉందిట! నేను కావాలని అంటగట్టానట! ఆ కాపు తొట్లు బోర్లించింది మీరు కదా, నా చెయ్యి కట్టులో ఉంది. మీరే చెప్పండి, ఒక్క ముడయినా ఉందా?"

కండక్టరు పేపరు తిప్పాడు. తిప్పిన పేజీని మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"ఏవండీ, మిమ్మల్నే."

"కొన్నిటికి ఉన్నాయిలే," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "దేనికి?"

"చివర చివర కాసిన మొక్కలకి. ఓ మూడు నాలుగు తొట్లు. నువ్వు కింద మంచం మీదున్నావు. చూశా. ఏదో తెగులనుకున్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేదానివి? మట్టంతా చెత్తబండికి మోయించేదానివి, నాచేత. ఆవిడకి చెప్పేదానివి. మన దగ్గర ఇవ్వడానికి మట్టి లేకపోతే ఆవిడ మంచి మట్టి ఊరికే తీసుకునేదానివా? నీకసలే అభిమానం. చెయ్యి విరిగి, కుట్టుపని ఆగి, తొట్లు కూడా ఖాళీగా ఉంటే ఇంట్లో కూచుని ఏడ్చేదానివి. నాకు తెలీదా నీ సంగతి? అందుకని మట్టీ వేళ్ళూ కలిపి బస్తాలకెత్తి ఆవిడకిచ్చేశా. నీకోసమే చేశా."

"రోగం మట్టి గోడ దాటకూడదని మీకు తెలుసు."

"తెలుసోయ్! తెలియకేం." అతను పేపరు పక్కన పెట్టి, ఇంక దాచేదేముందిలే అన్నట్టు కాళ్ళు చాపుకున్నాడు. "సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను చేసింది అదే పని. ఎవడో రద్దీలో చిరిగిన నోటు అంటగడతాడు. చూసుకునేసరికి వాడు దిగిపోయి ఉంటాడు. ఏం చేస్తాం, నెత్తీనోరూ కొట్టుకుంటామా? నాలుగు మడతలు పెట్టి, తర్వాత స్టాపులో ఎక్కినవాడికి చిల్లరతో కలిపి ఇచ్చేస్తాం. వాడు ఇంకోడికిస్తాడు. లోకం నడిచేదే అలాగ. నీ వదిన మాత్రం ఏం చేసింది? మడిచి మళ్ళీ మన చేతిలోనే పెట్టింది! చెల్లుకు చెల్లు."

చివరి మాటకి అతనికే నవ్వొచ్చింది. నవ్వాడు.

ఆమె గోడకి ఆనుకుంది. ఇందాకటిదాకా మోసం చేసింది పక్కింటి మనిషి. ఆ కోపంలో ఒక బలం ఉండింది, ఇంటికొచ్చి చెప్పుకోడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు చెప్పుకున్న మనిషే ఆ మోసం చేసిన మనిషని తేలింది. రెండు కాపులుగా తన పక్కన కూచుని తింటున్నాడు, ఆ గోడకి చేరగిలబడే టీ తాగుతున్నాడు, పొద్దున వేరు చూపిస్తే 'సర్దుకోవాలి' అని నీతులు చెప్పాడు. ఆమె వెళ్ళి నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరని తిట్టి వచ్చింది. సిగ్గు ముంచుకొచ్చింది.

"రేపు పొద్దున్నే ఈ మాట మీరే ఆవిడతో చెప్పండి," అంది చివరికి. "నాకింకేం వద్దు. మీరు చూశారని, నాకు తెలీదని, అదొక్కటి చెప్పండి చాలు."

"చూద్దాంలే," అన్నాడు అతను, పేపరు మళ్ళీ అందుకుని.

*

పొద్దున నర్సమ్మ చిక్కుడుకాయలు కోస్తుంటే టైలరమ్మ గోడ దగ్గరికెళ్ళి నిలబడింది. నిద్రలేని మొహం ఇద్దరిదీ.

"వదినా, నిన్న నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా. నువ్వు చెప్పిందే నిజం. రోగం మా ఇంటి నుంచే వచ్చింది. కానీ నాకు తెలీదు. ఆ తొట్లు ఆయన బోర్లించారు. చూసి, నాకు చెప్పకుండా నీకిచ్చారు."

నర్సమ్మ కొయ్యడం ఆపింది. ఆమె మొహంలో ఏదో కదిలింది, నమ్మాలని ఉన్నట్టే కదిలింది. కానీ అంతలోనే కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"నిన్నేమో నీ మట్టిలో రోగమే లేదన్నావు. నేను కథలల్లుతున్నానన్నావు. ఇవాళ అన్నయ్యగారు చేశారంటున్నావు."

"నాకు నిన్ననే తెలిసింది. ఆయన్నే అడుగు. ఏవండీ! ఒకసారి పైకి రండి!"

కండక్టరు గడ్డం గీసుకుంటూ మధ్యలో వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఒక చెంప నిండా నురగ. భుజం మీద తుండు. పై మెట్టు దగ్గరే ఆగి ఇద్దర్నీ చూశాడు.

నర్సమ్మ గోడ దగ్గరికొచ్చి మర్యాదగానే అడిగింది. "అన్నయ్యగారూ, వదిన చెయ్యి విరిగినప్పుడు తొట్లు మీరే బోర్లించారట. వేళ్ళకి ముడులు చూశారా మీరు?"

టైలరమ్మ అతని మొహంలోకి చూసింది. అవును అన్న ఒక్క మాట. చిన్న మాట. బస్సులో రోజుకి ఎన్నిసార్లన్నాడో ఆ మాట, ముందు స్టాపు ఉందా అని అడిగినవాళ్ళందరికీ. ఆ మాట బయటికొస్తే చాలు, నర్సమ్మ తిట్టినా పడుతుంది, నెలరోజులు మాట్లాడకపోయినా ఊరుకుంటుంది. ఎప్పటికైనా ఆ గడప ఎక్కొచ్చు.

కండక్టరు చెంప మీది నురగని వేలితో తీసి విదిలించాడు.

"మొక్కల సంగతి నాకేం తెలుసమ్మా? టమాటాకీ వంకాయకీ తేడా కాయ కాశాకే తెలుస్తుంది నాకు. బోర్లించమంది, బోర్లించా. బస్తాకెత్తమంది, ఎత్తా." అని ఒక్క క్షణం ఆగి, ఇంకా నమ్మకం కలగలేదనుకున్నాడో ఏమో, "తనే పక్కన కుర్చీ వేసుక్కూచుని అన్నీ చెప్పి చేయించింది," అని కూడా చేర్చాడు.

తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా నోరు మూసుకుంటాడు. ఇతను నోరు విప్పి మరీ ఆ తేలుని పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"సరే అన్నయ్యగారూ, వెళ్ళండి. నురగ ఆరిపోతోంది," అంది నర్సమ్మ.

అతను దిగిపోయాక ఆమె బుట్ట చంకనెత్తుకుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆస్పత్రిలో మొండి రోగితో మాట్లాడే గొంతు ఒకటుంది ఆమెకి, మెత్తగా, దూరంగా ఉంటుంది. ఆ గొంతు టైలరమ్మ మీద ఎప్పుడూ వాడలేదు.

"పాపం, ఆయన్నెందుకు ఇందులోకి లాగడం? అయిందేదో అయింది. ఇంక మట్టి మార్చుకోవడాలు వద్దులే. ఎవరిది వాళ్ళే చూసుకుందాం."

'వదినా' అనలేదు. టైలరమ్మ ఆ మాట కోసం కాసేపు ఎదురుచూసింది. నర్సమ్మ తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

కిందికొచ్చేసరికి కండక్టరు రెండో చెంప కూడా గీసేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఎందుకలా అన్నారు?"

"మరేమనమంటావు? పరాయి ఆడమనిషి ముందు నిలబడి, అవునమ్మా, నేనే మోసం చేశానని చెంపలు వేసుకోమంటావా? వీధిలో నాకో పరువుంది."

"నాకు లేదా?"

"నీకేంటి కొత్తగా పోయేది?" చాలా మామూలుగా, లెక్క సరిపోయినవాడిలాగ అన్నాడు. "ఆవిడ నీ గురించి ఎలాగూ అలాగే అనుకుంటోంది. అనుకోనీ. ఇద్దరి పరువూ పోయేకంటే ఒక్కరిది పోవడం నయం కదా. ఆడవాళ్ళు మీరు, ఇవాళ దెబ్బలాడుకుంటారు, రేపు కలిసిపోతారు."

అతను మొహం తుడుచుకుని, టిఫిన్ ఏమైనా ఉందా అని అడిగాడు.

*

మర్నాడు ఆమె మిషను మీద గుడ్డ కప్పేసి డాబా ఎక్కింది. పాత పట్టా పరిచింది. ఒక్కో తొట్టినీ దాని మీదికి వంచి, అడుగున అరచేత్తో చరిచి బోర్లించింది. తొట్టి ఆకారంలోనే మట్టి కాసేపు నిలబడి, మెల్లిగా విచ్చుకుంది. మొక్కలు పీకి విడిగా పోగు పెట్టింది. మట్టి పిడికిట్లోకి తీసుకుని అలవాటుగా పిసికి చూసింది. రోగమొచ్చినా చెయ్యి వదలాలనిపించని మట్టి. నల్లగా, తేలిగ్గా ఉంది, వానకి తడిసిన ఆకుల వాసన వేస్తోంది. ఎన్నేళ్ళ ఎండుటాకులు, ఎన్నేళ్ళ కూరగాయల తొక్కలు, ఎన్నిసార్లు గోడకటూ ఇటూ తిరిగిన మట్టి! మంచిదీ చెడ్డదీ ఏరడానికి లేకుండా తనే చేతులతో అన్ని తొట్లకీ కలిపి పోసింది. ఎండకి బాగా మాడిస్తే పురుగు చస్తుందంటారు. చచ్చిందో లేదో చూసి చెప్పేదెవరు, చెబితే నమ్మేదెవరు? అంతా పారబోయాల్సిందే అనుకుంది.

అవతలి డాబా మీద నర్సమ్మ ఉతికిన యూనిఫారం ఆరేసింది. ఇటు చూసింది. ఖాళీ తొట్ల వరసని, పట్టా మీది గుట్టని చూసి, క్లిప్పులు పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

బస్తాకెత్తితే మొయ్యలేదు. అందుకని బేసిను నిండా నింపి, నడుం మీద పెట్టుకుని, వీధి చివర చెత్తబండి దాకా తీసుకెళ్ళి పోసి రావడం మొదలుపెట్టింది. దారిలో మట్టి రాలకుండా పైన తడిగుడ్డ కప్పింది. మణికట్టు పాత చోట సలపరం మొదలైంది. ఎడం చేతికి మార్చుకుంది. వీధిలో ఎవరో "ఏంటమ్మా, తోటంతా ఎత్తేస్తున్నావు?" అని అడిగితే, "రోగమొచ్చింది," అని చెప్పింది. ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్ళడగలేదు.

ఇంకో బేసిను నింపుకుని దిగుతుంటే కండక్టరు మెట్ల మధ్యలో ఎదురొచ్చాడు. ఆమె నుదుటి చెమటా, వంకరగా పట్టుకున్న చెయ్యీ చూశాడు. అతని మొహంలో జాలి నిజంగానే ఉంది. అబద్ధం చెప్పకూడదు, పెళ్ళాం నొప్పి చూడలేని మనిషే అతను.

"విరిగిన చేత్తో ఎందుకే ఇంత అవస్థ? ఇలా తే. మిగిలిందంతా నేను పట్టుకెళ్ళి పోసేస్తా," అని రెండు చేతులూ చాపాడు.

ఆమె బేసిను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

"వద్దండీ. మీ చేతికిస్తే ఎక్కడ పోస్తారో నాకు తెలీదు."

అరవలేదు. దెప్పినట్టూ అనలేదు. వర్షమొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అంది. అతని చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. తర్వాత వాటిని దించి, గోడకి ఒదిగి దారిచ్చాడు. ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని, కింది మెట్టు కాలితో వెతుక్కుంటూ దిగింది.